పేరునకు సాక్ష్యము వలయును

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జీవవైవిధ్య మండలి అధ్యక్షులవారికి సోమశిలనుండి బహిరంగ లేఖ



పెన్నానది వెలిగొండల వరుసను ఛేదించుకొని నెల్లూరు మైదానమునకు దిగునట్టి సోమశిల యొద్దనుండి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములలో మెట్టచేలను, నిమ్మతోటలను, పొగాకు బ్యారన్లను నమ్ముకొని బ్రతుకు జనులలో నొకడనై, వారందరికి సంబంధించిన యొక విషయమును తమ దృష్టికి తెచ్చుటకై ఈ లేఖను వ్రాయుచున్నాను. 2002 నాటి జీవవైవిధ్య చట్టమును, దాని ననుసరించి వెలువడిన నియమావళిని బట్టి ప్రతి స్థానిక సంస్థకును ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండవలెను. అందులో చెట్టునకైనను, చేపకైనను, పక్షికైనను స్థానికనామమును, దాని ప్రక్కన శాస్త్రీయనామమును వ్రాయుటకు గడులు కలవు. ఆ రెండు గడులను గూర్చియే, అందులోను సర్పములకు సంబంధించినంతవరకే, నేను మనవి చేయదలచినాను. మనవిలోని సారాంశమును ముందే చెప్పుట మర్యాద. పాముపేరు, అది తెలుగుపేరైనను లాటిను పేరైనను, ఏ పామునకు, ఏ యూర, ఏ గుర్తులనుబట్టి, ఎవరు పెట్టి పిలుచుచున్నారో ఆ సాక్ష్యముతో కూడియున్నప్పుడే పేరనిపించుకొనును. సాక్ష్యము లేని పేరు గడిని నింపును గాని, ఆ కాగితమును నమ్ముకొని రాత్రి పొలమునకు పోవువానికి గాని, ఆస్పత్రిలో కూర్చున్న వైద్యునికి గాని, రేపటి పరిశోధకునికి గాని ఉపకరింపదు.

ఈ మాటకు ప్రమాణమును వెదకుటకై పరదేశములకు పోనక్కరలేదు. మన కట్లపామును తనలో చేర్చుకొని, ఇరాను మొదలు ఇండొనేషియా వరకు ఉష్ణదేశములలో వ్యాపించియున్న, పదునైదింటికి పైబడిన విషసర్పజాతుల సముదాయమును శాస్త్రజ్ఞులు 'బంగారస్' అను ఒకే ప్రజాతిగా పరిగణించుచున్నారు. ప్రజాతి యనగా దగ్గరి చుట్టరికము గల జాతులను ఒక్క యింటిపేరు క్రింద చేర్చిన కూటమి. ఆ యింటిపేరు లాటిను ప్రత్యయమును తగిలించుకొనిన తెలుగుమాట. పసుపు నలుపు పట్టెలు గల యొక పామును కోరమండల తీరపు ఉత్తరభాగమున జనులు 'బంగారు పాము' అని పిలిచిన పిలుపునుండి పుట్టినది. ఇది మనకు గర్వకారణమని చెప్పి ఊరకుండుట సులభము. కాని ఆ పేరు తెలుగువారి నోటినుండి పారిసు నగరపు గ్రంథములోనికి ఏ త్రోవను చేరినదో తెలిసికొన్నచో గర్వముకంటె ఉపయోగకరమైన పాఠ మొకటి మనకు దొరకును.

పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు సిరియా దేశమందలి అలెప్పో పట్టణమున చిరకాలము వైద్యము చేసి, అక్కడ ప్రబలిన ప్లేగు మహామారిని కన్నులార చూచి, తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువులో నున్న తన సోదరుడు క్లాడ్ వెంట 1781లో విశాఖపట్టణమునకు వచ్చెను. 1785లో కోనిగ్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు మరణింపగా ఆతని స్థానమున కంపెనీవారు రస్సెలును నియమించిరి. మొక్కలను సేకరించుట ఆయన ఉద్యోగధర్మములలో ముఖ్యమైనది. అయినను పాముకాటు భయము ఇంటను బయటను నిత్యముగా నున్న దేశమున, ఏ పాము విషము గలది, ఏది లేనిది అను ప్రశ్నకు నమ్మదగిన సమాధానము లేకుండుట చూచి, ఆ ప్రశ్నను ఆయన తన ప్రశ్నగా స్వీకరించెను. పాములను తెప్పించుకొని, పొడవు కొలిచి, పొట్టమీది పలకలను, తోకక్రింది పొలుసులను ఒక్కొక్కటిగా లెక్కించి, కోళ్లపైనను కుక్కలపైనను కాటు ఫలమును పరీక్షించి, పాముకాటునకు మందుగా ఆనాడు మిక్కిలి ప్రసిద్ధి వహించిన తంజావూరు మాత్రల గుణమునుగూడ పరిశీలించెను. 1789లో స్వదేశమునకు మరలిన పిదప, 1796లో, కోరమండల తీరపు సర్పములను గూర్చిన ఆయన బృహద్గ్రంథము లండనున రంగుల చిత్రఫలకములతో వెలువడెను. రెండవ సంపుటము భాగములుగా వచ్చుచుండగనే 1805లో ఆయన మరణించెను.

ఆ గ్రంథమును తెరచినవానికి మొదట కనబడు విశేషము చిత్రముల శీర్షికలు. ప్రకృతిశాస్త్రజ్ఞుడు లినీయసు ఏర్పరచిన నామకరణపద్ధతిని చక్కగా ఎరిగియుండియు రస్సెల్ తన పాములకు రెండుమాటల లాటిను పేర్లను కల్పింపక, ఈ దేశమున తాను వినిన పేర్లనే, తన చెవికి పడినట్లు ఆంగ్లలిపిలో వ్రాసి, చిత్రములకు శీర్షికలుగా నిలిపెను. బంగారుపాము, పెద్దపొడ, కాటుక రేకుల పొడ, జెర్రిపోతు, పసిరికపాము మొదలైన పేర్లు వింతవింత వర్ణక్రమములతో అందు గలవు. తెలుగు చదువరికి నవ్వు తెప్పించునంతగా కొన్ని పేర్లు వంకరపోయినవి. కాని పేరుతోపాటు రంగు, పొడవు, పొలుసుల సంఖ్య, చిత్రము ఒక్కచోట చేరియుండుటచేత, పేరు వంకరపోయినను పాము తప్పిపోలేదు. రెండువందల యేండ్లు గడచిన తరువాత కూడ ఆ ఫలకములలో చాలవాటియందున్నది ఏ పామో మనము నిర్ణయింపగలుగుచున్నాము. శాస్త్రీయనామముల చివర గౌరవముతో చేర్చు కర్తృనామములలో మాత్రము ఆ పాములను ప్రాణములకు తెగించి పట్టినవారికి గాని, వాటి పేర్లు చెప్పినవారికి గాని చోటు దొరకలేదు.

రస్సెల్ విడిచిన నామకరణకార్యమును ఐరోపాలోని గ్రంథాలయములలో కూర్చున్నవారు చేపట్టిరి. 1758లో ప్రకటితమైన లినీయసు గ్రంథపు పదియవ ముద్రణము నేటి జంతునామకరణమునకు ఆదిరేఖ. అందు పాములను విభజించుటకు ఆయన తోకక్రింది పొలుసులను ముఖ్యముగా గైకొనెను. తోకక్రింద ఒంటిపలకలు గలవి 'బోవా' ప్రజాతియందును, జంటపొలుసులు గలవి 'కొలూబర్' ప్రజాతియందును చేరినవి. ఒక్క గుర్తుతో సర్పలోకమును పంచబూనిన ఫలితముగా, అజగరమైన మన కొండచిలువ జంటపొలుసుల కారణమున కొలూబర్ గుంపులోనికి పోగా, ఒంటిపలకలు గల కట్లపాము బోవాలకు చుట్టమగు విపరీతము సంభవించెను. గ్రీకుభాషకు నిఘంటువు రచించిన జర్మను పండితుడు ష్నైడరు ఈ చిక్కునుండి సగము బయటపడి, 1801లో, బోవావలె కనబడు బోవా కానిది అను అర్థమున 'సూడోబోవా' అను ప్రజాతిని కల్పించి, రస్సెల్ చిత్రములలోని బంగారుపామును, కట్లపామును అందు చేర్చెను. కాని ఒంటిపలకల గుర్తును విడువలేక, చిన్నపింజరను కూడ వాటి సరసననే కూర్చుండబెట్టెను. నాడులను స్తంభింపజేయు విషము గల పామును, నెత్తురును గడ్డకట్టనీయక చెడగొట్టు విషము గల పామును ఆ విధముగా ఒకే ప్రజాతిలో నుండవలసివచ్చెను.

ఆ పొత్తును విడదీసినవాడు ఫ్రాంస్వా మారీ డోడాన్ అను ఫ్రెంచి యువకుడు. బాల్యమున వచ్చిన వ్యాధిచే కాళ్లు చచ్చుబడి, దేశాటనము చేయు భాగ్యము లేక, గ్రంథములను, భద్రపరచిన నమూనాలను ఆధారముగా గొని సరీసృపములను గూర్చి ఎనిమిది సంపుటముల గ్రంథమును ఆయన రచించెను. దానికి చిత్రములను వేసినది ఆయన భార్య. ముప్పదియేండ్లైనను నిండకుండ 1803లో క్షయరోగముతో కన్నుమూసిన ఆ యువకుడు, అదే సంవత్సరమున, తాను ఎన్నడును చూడని తీరమునందలి జనుల మాటను రస్సెల్ శీర్షికనుండి గ్రహించి 'బంగారస్' ప్రజాతిని స్థాపించెను. వెన్ను నడిమివరుసలోని పొలుసులు తక్కినవాటికంటె పెద్దవై ఆరు మూలలు కలిగియుండుట నేటికిని ఆ ప్రజాతికి ప్రధానలక్షణము. తోకక్రింది పలకలు చీలకుండుట అందలి చాలజాతులకు చెల్లు లక్షణము. 'సూడోబోవా' అను పేరు కూడ నశింపలేదు. దక్షిణ అమెరికా ఖండమందలి వేఱొక సర్పప్రజాతికి అది నేడు చెల్లుచున్నది.

ముందు ప్రకటించిన పేరే చెల్లవలెనను నియమముచే జాతినామముల కర్తృత్వము ష్నైడరునకే దక్కినది. ప్రజాతి మాత్రము మారినది. అందుచేత ఆయన పేరును కుండలీకరణములలో చేర్చి, బంగారుపామును 'బంగారస్ ఫేసియేటస్ (ష్నైడరు, 1801)' అనియు, కట్లపామును 'బంగారస్ సెరూలియస్ (ష్నైడరు, 1801)' అనియు వ్రాయుదురు. ఈ పేర్లకు మూలస్థానముగా కట్లపామునకు విశాఖపట్టణమును, బంగారుపామునకు మన్సూర్‌కోటను, అనగా నేటి ఒడిశా రాష్ట్రమున గంజాము తీరమందున్న గోపాలపుర ప్రాంతమును పేర్కొందురు. ఇంత చరిత్రను తమ యెదుట పరచుటకు కారణ మొకటి కలదు. యాభైయేండ్లు తిరుగకమునుపే ఈ పాములను పండితులు ఒక ప్రజాతినుండి మఱియొక ప్రజాతికి మార్చిరి. ఒకరి తప్పును మఱియొకరు దిద్దిరి. ఆ దిద్దుబాటు సాధ్యమైనది పండితుల మేధచే మాత్రమే యనుకొనుట పొరబాటు. విశాఖపట్టణమున ఎవరో పట్టిన పాముయొక్క చిత్రము, కొలత, స్థలము చెక్కుచెదరక నిలిచియుండుటచేతనే అది సాధ్యమైనది.

ఇక సోమశిలకు వత్తును. అనంతసాగరము మండలమున నొక దిగుడుబావి యొర ప్రక్కన రాళ్లసందునుండి ఒక యానాది వృద్ధుడు కుబుసమును బయటకు తీసి నాకు చూపిన తీరును ఇక్కడ చెప్పవలెను. ఎండి చుట్టుకొనిపోయిన ఆ పొరను ఆతడు నీళ్లలో ముంచి, మెత్తబడిన తరువాత తువాలుమీద పరచి, నడివెన్ను వెంబడి వ్రేలు నడిపించుచు, "చూడు సామీ, ఈ నడిమి వరస బిళ్లలు పక్కవాటికన్నా పెద్దయి. ఇది కట్లపాముదే. ఇంట్లో బల్లుల కోసరం తిరిగేదానికి ఈ వరస ఉండదు" అనెను. నేను తోకభాగమును తిరుగవేసి, క్రిందిపలకలు చీలక ఒంటిగా నుండుటను చూపగా, ఆతడు దానిని వెలుతురునకు ఎత్తి పట్టుకొని తేరిపార చూచి, "ఇది మేం చూడలా. ఇకమీద చూస్తాం" అనెను. ఆతని వ్రేలు నిలిచిన వరుస పండితులు ప్రజాతికి ప్రధానలక్షణముగా పేర్కొనునదే. ఆ వరుసను ఆతనికి నేర్పినది ఏ గ్రంథమును కాదు. నేను చూపిన పలకలు ఒకనాడు లినీయసు పద్ధతిని తప్పుదారి పట్టించిన గుర్తు. ఈ రెంటిలో ఏ యొక్కటి విడిగా చాలదు. రెండును కలిసినచోట నిశ్చయము కలుగును. తమ రిజిస్టరులోని రెండు గడులు ఈ విధముగా కలిసికొనవలెనని నా కోరిక.

ఇప్పుడు వ్యవహారమున నున్న పేర్లను చూడుడు. మా మెట్టప్రాంతమున రక్తపింజర యనునదే రస్సెల్ గ్రంథమున కాటుక రేకుల పొడ. పొడ యన్న మాట ఒకచోట రక్తపింజరకు చెల్లగా, పెద్దపొడ యన్నచో కొండచిలువ యగును. జెర్రిపోతన్నను, జెర్రిగొడ్డన్నను పాము ఒకటే. అయినను అవి ఆడుమగలని వాదించువారు ప్రతి రచ్చబండ యొద్దను కలరు. అన్నిటికంటె ప్రమాదకరమైనది కట్లపాము పేరు. ఒంటిపై తెల్లని పట్టెలున్న ప్రతి పామును, గోడబీటలలో బల్లులను వెదకుకొను విషరహితమైన సాధుజంతువును సైతము, కట్లపామనియే పిలుచుట కలదు. విషము లేనిదాని కాటునుండి మంత్రముతో బ్రతికినవాడు, నిజమైన కట్లపాము కాటునకు కూడ ఆ మంత్రమే చాలునని ఊరంతటికి చెప్పుట ఈ గందరగోళపు ఫలమే. ఒక పామునకు నాలుగు పేర్లుండుట సంపద. ఒక పేరునకు రెండు పాములుండుట ఆపద.

ఈ కారణమున తెలుగుపేర్లను త్రోసివైచి లాటిను పేర్లనే నమ్ముకొందమన్నచో అవియు నిలుకడగలవి కావు. చెట్లకొమ్మలలో ఆకుపచ్చగా వ్రేలాడు పసిరికపామును ఇటీవలిదాక గ్రంథములన్నియు 'అహేతుల్లా నసూటా' అనుచుండెను. 2020లో ప్రకటితమైన పరిశోధన ఆ పేరును శ్రీలంకలోని పాములకు పరిమితము చేసి, మన దక్కను మైదానములలోని దానికి 'అహేతుల్లా ఆక్సిరింకా' అను పాత పేరును తిరిగి నిలిపెను. శ్రీలంకకు మాత్రమే చెందినదని తలచిన ఎగిరేపాము జాతి యొకటి మా వెలిగొండలకు పొరుగైన శేషాచలము అడవులలో నున్నట్లు 2015లో వెల్లడియైనది. బంగారస్ ప్రజాతియందే 2021లో చీనాదేశపు యునాన్ ప్రాంతమునుండి ఒక క్రొత్త జాతిని వర్ణించి, ఆ దేశపు జానపదగాథలోని శ్వేతసర్పవనిత పేరును దానికి పెట్టిరి. కావున 2020 జనవరి నెలాఖరును గడువుగా జాతీయ హరిత ట్రిబ్యునలు విధించినప్పుడు రాష్ట్రములన్నియు త్వరపడి సిద్ధపరచిన రిజిస్టర్లలో, తేదీయు, చిత్రమును లేక కేవలము లాటిను పేరు మాత్రమే యున్న పుట, పదియేండ్లు తిరుగకముందే చదువరిని తప్పుదారి పట్టింపగలదు.

పేరు తప్పిన ఫలితము ఎంత దారుణముగా నుండునో తెలుపుటకు ఒక్క యుదాహరణము చాలును. జోసెఫ్ స్లోవిన్స్కీ అను అమెరికా సర్పశాస్త్రజ్ఞుడు 2001 సెప్టెంబరులో ఉత్తర బర్మా అడవులలో పరిశోధన చేయుచుండగా, సహాయకుడొకడు విషములేని పామని తలచి సంచిలో నుంచిన దానిని చూచుటకు చేయి పెట్టెను. అది కట్లపాము ప్రజాతికి చెందిన పాము. సహచరులు గంటల తరబడి తమ నోటితో ఊపిరి ఊదుచు నిలుపజూచినను, మఱునాడు ఆయన ప్రాణములు విడిచెను. 2005లో వియత్నాము దేశమునుండి వర్ణింపబడిన ఒక బంగారస్ జాతికి ఆయన పేరు పెట్టిరి. జీవితమంతయు పాములను గుర్తించుటకే ధారపోసిన పండితుని సమీపమునకు కూడ తప్పుపేరు ఆ విధముగా రాగలిగినచో, పొగాకు బ్యారను ముందు గోనెపట్టా పరచుకొని, పొయ్యి ఆరిపోకుండ రాత్రియంతయు కాచుకొని పండుకొను కూలివాని మాట చెప్పనేల?

కట్లపాము రాత్రించరము. ఎలుకలను, బల్లులను, ఇతర సర్పములను వెదకుకొనుచు ఇండ్లలోనికి, పాకలలోనికి వచ్చి, నేలపై నిద్రించువారిని కాటువేయును. కాటు పడినచోట వాపు గాని, చెప్పుకోదగిన నొప్పి గాని లేకపోవుటచే, ఏదో పురుగు కుట్టినదని మరల నిద్రించువారు కలరు. తెల్లవారుసరికి కడుపునొప్పి, వాలిపోవు కనురెప్పలు, ముద్దయగు మాట, అందని ఊపిరి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకును మన దేశమున ఒకే విరుగుడు మందు వాడుచున్నందున, పాముపేరు తెలియనిదే చికిత్స సాగదని ఎవరును అనుకొనరాదు. పామును చంపి మోసికొనిపోవుట, వెదకుచు కాలహరణము చేయుట అంతకంటె తప్పు. అయినను వాపు లేకున్నను విషము ఎక్కుచుండవచ్చునని, ఊపిరియంత్రము గల ఆస్పత్రికి వెంటనే పంపవలెనని ఇంటివారికిని, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమువారికిని హెచ్చరించునది ఆ పేరే. 2000 మొదలు 2019 వరకు ఇరువదియేండ్లలో దేశమున పండ్రెండు లక్షలమంది పాముకాటుచే మరణించిరని 2020లో ప్రకటితమైన అధ్యయనమొకటి అంచనా వేసినది. ఆ మరణములలో అత్యధికభాగము సంభవించిన ఎనిమిది రాష్ట్రములలో మన ఉమ్మడి రాష్ట్రమొకటి. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని కేంద్రప్రభుత్వము 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. ఆ ప్రణాళికకును తమ రిజిస్టరునకును మధ్యనున్న వంతెన గ్రామములో చెల్లు పాముపేరే.

మరణమునకు హేతువైన కట్లపాముల విషమునుండియే విజ్ఞానమునకు మేలు కూడ కలిగినది. 1963లో తైవాను శాస్త్రజ్ఞులు చాంగ్, లీ అనువారు తమ ద్వీపమందలి కట్లపాము విషమునుండి వేరుచేసిన పదార్థమునకు ప్రజాతినామమునుబట్టియే బంగరోటాక్సిన్ అని పేరు వచ్చెను. నాడి యొసగిన సంకేతమును కండరము అందుకొను స్థానమును గట్టిగా పట్టుకొను గుణము దాని కుండుటచే, ఆ స్థానమందలి గ్రాహకమును వేరుచేసి పరీక్షించుట సాధ్యమై, కండరములను నీరసింపజేయు మయస్తీనియా గ్రేవిస్ అను వ్యాధి మర్మము తెలియవచ్చెను.

ఇక నా విన్నపములు. మొదటిది: రిజిస్టరులో ప్రతి పామునకును, రస్సెల్ చేసినట్లు, స్థానికనామమును శీర్షికగా నిలిపి, ఆ పేరు ఏ గ్రామమున, ఏ జనులలో చెల్లునో దాని క్రిందనే వ్రాయవలెను, ఒక పామునకు అనేకనామములున్నచో అన్నింటిని వ్రాయవలెను, ఏ పేరును అశుద్ధమని కొట్టివేయరాదు. రెండవది: పేరు చెప్పినవారి అనుమతితో వారి పేర్లను ఆ పుటయందు చేర్చవలెను, రస్సెల్ కాలమున దక్కని గౌరవము మా యానాదులకైనను దక్కవలెను. మూడవది: తల ప్రక్కభాగము, నడివెన్ను, తోక క్రిందిభాగము స్పష్టముగా కనబడు ఛాయాచిత్రములను, దొరికినచోట కుబుసమును సాక్ష్యముగా భద్రపరుపవలెను, ఇందుకై ఏ పామును పట్టుట గాని చంపుట గాని కూడదు. నాలుగవది: శాస్త్రీయనామము ప్రక్కన కర్తపేరును, సంవత్సరమును మాత్రమే గాక, ఆ నిర్ణయము చేసినవారెవరో, ఏ తేదీన చేసిరో వ్రాయవలెను, నామము మారినప్పుడు పాతదానిని చెరిపివేయక క్రొత్తదానిని దాని క్రింద చేర్చవలెను. ఐదవది: పోలికగల పాములను ఒకే పుటలో ఎదురెదురుగా చూపవలెను. కట్లపాము పట్టెలు తోకవైపు స్పష్టముగా నుండి తలవైపునకు వచ్చుకొలది మాయమగునని, బల్లులను తిను సాధుసర్పమునకు ఇది తారుమారుగా నుండునని, ఏది విషసర్పమో సందేహము కలిగినప్పుడు విషసర్పముగనే భావింపవలెనని అందు వ్రాసియుండిన చాలును.

ఒక జాగ్రత్తను కూడ చెప్పవలెను. రెండుతలల పామని మనము పిలుచు మంటిపాము ఇంట నున్నచో ధనము చేరునని భ్రమించువారు ఉండుటచే దాని దొంగవ్యాపారము సాగుచున్నది. సాక్ష్యము వలయునని నేను కోరుచున్నను, అటువంటి జాతులవిషయమున దొరికిన చేను, గట్టు, పుట్ట బహిరంగముగా ప్రకటింపక, మండలమును మాత్రము పేర్కొని, తక్కినది మండలి యొద్ద గోప్యముగా నుంచుట మేలు.

ఈ విన్నపములకు ఆక్షేపణలు రాకపోవు. చదువురానివారు చెప్పు పేర్లు ఊరికొక తీరుగా నుండునని, వాటిని శాస్త్రగ్రంథమున చేర్చినచో గందరగోళము పెరుగునని కొందరందురు. గందరగోళము ఇప్పటికే గ్రామములో నున్నది. దానిని కాగితముమీద పెట్టినప్పుడే, ఏ పేరు ఏ పామునకు ఎక్కడ చెల్లుచున్నదో తెలిసి, ఆస్పత్రిలో వైద్యుడు రోగి మాటను అర్థము చేసికొనగలడు. తిరుపతి వైపునుండి వచ్చిన వైద్యునకు మా ఉదయగిరి మాట తెలియకపోవుట ఆయన దోషము కాదు. ఇట్టి పనికి నిపుణులు, ధనము ఎక్కడివని మఱికొందరందురు. పాములెరిగిన యానాది, చేతిలో ఫోను గల కళాశాల విద్యార్థి, పొలుసులను లెక్కింపగల ఒక జంతుశాస్త్రోపాధ్యాయుడు, ఈ మువ్వురు ఒక్క మండలమునకు చాలుదురు. వారి ప్రయాణపు ఖర్చు, దినభత్యము పంచాయతి భరింపలేనివి కావు. ఈ పనిలో యానాదిని మార్గదర్శిగా మాత్రమే వాడుకొని పంపివేయక, తక్కిన యిద్దరికి ఇచ్చు గౌరవవేతనమును ఆతనికిని ఇయ్యవలెనని వేఱుగ చెప్పవలసి వచ్చుటయే విచారకరము.

ఈ పనిని రాష్ట్రమంతటను ఒక్కసారిగా ప్రారంభింపుమని నేను కోరుటలేదు. వెలిగొండల పాదమునను, పెనుసిల నరసింహ అభయారణ్యపు పొరుగునను నున్న అనంతసాగరము, మఱ్ఱిపాడు, సీతారామపురము, ఉదయగిరి మండలములను మొదటి ప్రయోగమునకు ఎన్నుకొని, పాములు ఎక్కువగా వెలుపలికి వచ్చు వానకాలమునకు ముందే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల నాలుగు పుటలను, వాటిని పోలిన విషరహితసర్పముల పుటలను సిద్ధపరపించి, ప్రతి పంచాయతి కార్యాలయమునకును, పాఠశాలకును, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకును ఒక్కొక ప్రతిని పంపవలెనని ప్రార్థించుచున్నాను. ఆ పుటలలో తప్పులు దొరలక మానవు. తప్పెక్కడ నున్నదో చూపగల సాక్ష్యము పుటలోనే యుండుట చేత వాటిని దిద్దువారు కూడ మా యూళ్లలోనే పుట్టుదురు. తమ అంగీకారమును, అభ్యంతరములున్నచో వాటిని, ఈ లేఖవలెనే బహిరంగముగా ప్రకటింపవలసినదని సవినయముగా కోరుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
సోమశిల వాస్తవ్యుడొకడు